ఢిల్లీ కనకాంబరానికి గింజ ఎందుకు పట్టదు? క్రోమోజోముల వైపు నుంచి ఒక జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. పలమనేరు దగ్గర మీ నాన్నగారు అర ఎకరంలో ఢిల్లీ కనకాంబరం వేశారు. పూత బాగుంది, రంగు బాగుంది, గింజ మాత్రం ఒక్కటీ పట్టడం లేదు. గెనిమ మీదున్న నాటు కనకాంబరం కాయలు పగిలి ఎక్కడ పడితే అక్కడ మొలుస్తోంది. మందుల షాపులో ఒకరు జిబ్బరెల్లిక్ ఆమ్లం కొట్టమన్నారు, ఇంకొకరు కోల్చిసిన్ వేస్తే గింజ పడుతుందన్నారు. బి.ఎస్సీ. చదువుతున్న మీ చెల్లెలు "ఇది క్రోమోజోముల తేడా" అంటోంది. ఎవరి మాట నిజం, పైగా ఎప్పుడూ కొమ్మలతోనే పెంచుతూ పోతే జాతి బలహీనపడదా అని అడిగారు.

మీ చెల్లెలి మాటే నిజం. ఢిల్లీ కనకాంబరం త్రయస్థితికం, అంటే ట్రిప్లాయిడ్, ప్రతి రకం క్రోమోజోమూ మూడేసి ప్రతులున్న మొక్క. క్రోమోజోములంటే కణంలో జన్యువుల్ని మోసే దారాల్లాంటివి. దానికి గింజ పట్టకపోవడం మీ సేద్యంలో లోపం కాదు, ఎరువు తక్కువై కాదు, తేనెటీగలు రాక కాదు. ఏ మందు కొట్టినా పట్టదు. కొమ్మలు నాటే పెంచాలి. అలా పెంచినంత మాత్రాన జాతి బలహీనపడదు. బలహీనపడినట్టు కనిపిస్తే దానికి కారణాలు వేరే ఉన్నాయి, కిందికి వచ్చాక చెబుతాను.

నేను తిరుపతిలో డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. కణ విభజన ప్రాక్టికల్ అంటే అందరూ ఉల్లి వేరుతో సరిపెడతారు. ఉల్లిలో 16 క్రోమోజోములే, అవీ పెద్దవి, చూడటం సులువు. నేను దాంతోపాటు కనకాంబరం మొగ్గలు కూడా పెట్టేవాణ్ణి. పొద్దున్నే పూల అంగడికి వెళ్తే విడి పూలు దొరుకుతాయి కానీ మొగ్గలున్న కంకి దొరకదు, అందుకని పిల్లల్నే ఎవరింటి పెరట్లోంచి వాళ్లను కంకులు కోసుకు రమ్మనేవాణ్ణి. అలా వచ్చిన వాటిలో నాటువీ ఢిల్లీవీ కలిసే ఉండేవి. రెండు స్లైడ్లు పక్కపక్కన పెడితే ట్రిప్లాయిడ్ అంటే ఏమిటో వేరే పాఠం చెప్పాల్సిన పని ఉండేది కాదు.

ముందు లెక్క చూద్దాం. కనకాంబరంలో క్రోమోజోముల మూల సంఖ్య 10, అంటే వేర్వేరు రకాలు పది. మొక్క ఒంట్లో ఏ కణం తీసుకున్నా ఈ పది రకాలు ఎన్ని ప్రతులుగా ఉన్నాయన్నదే ప్రశ్న. రెండేసి ప్రతులుంటే 20, అది ద్వయస్థితికం. మన దగ్గర గింజతో పెరిగే మామూలు నారింజరంగు కనకాంబరంలో నాలుగేసి ఉంటాయి, మొత్తం 40. పసుపు రంగు పూసే లూటియా అనే రకం కూడా 40దే. ఢిల్లీలో మూడేసి ప్రతులు, మొత్తం 30. సంఖ్య ఎక్కువా తక్కువా అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. 20 పనిచేస్తుంది, 40 కూడా పనిచేస్తుంది. చిక్కంతా మూడు బేసి కావడంలో ఉంది.

మొక్కలో రెండు రకాల కణ విభజనలు జరుగుతాయి. వేరు పొడవు పెరగడానికి, కొమ్మ సాగడానికి, ఆకు విచ్చుకోవడానికి జరిగేది సమ విభజన, మైటాసిస్. ఇందులో ప్రతి క్రోమోజోమూ తనకు తాను ఒక నకలు తీసుకుని, అసలూ నకలూ చెరో పిల్ల కణానికి వెళ్తాయి. పక్కనున్న క్రోమోజోముతో దానికి పని లేదు. అందుకే 30 ఉన్నా 30 చొప్పున శుభ్రంగా పంచుకుంటుంది. మీ చేలో మొక్కలు ఏపుగా పెరుగుతున్నాయంటే కారణం ఇదే. ఒంటి ఎదుగుదలకు బేసి సంఖ్య ఏమాత్రం అడ్డు కాదు.

పువ్వులో పుప్పొడి, అండం తయారయ్యేటప్పుడు జరిగేది వేరు. అది క్షయకరణ విభజన, మియాసిస్. ఇందులో సంఖ్య సగం కావాలి. సగం కావాలంటే ముందు ఒకే రకం క్రోమోజోములు వెతుక్కుని జత కట్టాలి. జత కట్టాక కండె తంతువులు, అంటే విభజన సమయంలో కణంలో ఏర్పడే సన్నని దారాలు, ఒకదాన్ని ఇటు, ఒకదాన్ని అటు లాగుతాయి. కోలాటంలో జంటకు ఇద్దరు చొప్పున నిలబడితే ఆట నడుస్తుంది, నలుగురున్నా రెండు జంటలవుతారు, ముగ్గురొస్తే మూడోవాడి కర్రకు ఎదురు కర్ర ఉండదు. ఢిల్లీ కనకాంబరంలో పది రకాల దగ్గరా ఇదే పరిస్థితి. ఒక్కోసారి మూడూ కలిసి ఒక గుంపుగా అంటుకుంటాయి. ఒక్కోసారి రెండు జతకట్టి మూడోది ఒంటరిగా మిగిలిపోతుంది. విడిపోయేటప్పుడు రెండు ఒకవైపు, ఒకటి ఇంకోవైపు. ఏ వైపు రెండు వెళ్తాయన్నది ప్రతి రకానికీ విడివిడిగా, గాలివాటంగా జరుగుతుంది.

దీని ఫలితం లెక్క వేసి చూపిస్తే పిల్లలు నోరు తెరిచేవాళ్లు. ఒక పుప్పొడి రేణువు బాగుండాలంటే దానికి పది రకాలూ ఒక్కొక్కటే రావాలి, లేదా పది రకాలూ రెండేసి రావాలి. పది రకాల్లోనూ ఒక్కొక్కటే వచ్చే అవకాశం సగాన్ని పదిసార్లు గుణిస్తే వచ్చేది, 1024లో ఒకటి. రెండేసి వచ్చే అవకాశమూ అంతే. రెండూ కలిపితే 512లో ఒకటి. మిగతా వాటన్నిటికీ కొన్ని రకాలు ఒక్కొక్కటి, కొన్ని రెండేసి, మొత్తం 15కి అటూ ఇటూగా ఏదో ఒక కలగాపులగం. జన్యువుల పాళ్లు కుదరక అలాంటి రేణువుల్లో చాలావరకు పైకి రాకముందే ముడుచుకుపోతాయి. అండం వైపు కూడా ఇదే లెక్క. రెండు వైపులా మంచిదే తగలాలంటే 512ని 512తో గుణించాలి, రెండు లక్షల అరవై రెండు వేల చిల్లరకు ఒకటి. ఒక్కో కనకాంబరం కాయలో పట్టేదే మహా అయితే నాలుగు గింజలు. ఇక మీరే చూసుకోండి.

ఇది కాగితం మీది లెక్క. నిజంలో ఒకటీ అరా తేడా ఉన్న రేణువులు కూడా అప్పుడప్పుడు పనిచేస్తాయి. కాబట్టి ఎక్కడో ఓ మూల ఒక కాయ, అందులో ఒక నొక్కు గింజ కనిపిస్తే ఆశ్చర్యపోకండి. అది మొలిచినా తల్లిలా ఉండదు.

జిబ్బరెల్లిక్ ఆమ్లం గురించి. అది ఎదుగుదల హార్మోను. కణాలు సాగడానికి, కొన్ని మొక్కల్లో పూత ముందుకు రావడానికి పనికొస్తుంది. క్రోమోజోములకు జత దొరికేలా చేయడం దాని వల్ల కాదు. గింజలేని ద్రాక్షకు కొట్టేది కూడా కాయ సైజు కోసమే, గింజ పట్టించడానికి కాదు. షాపులో అమ్మేవాళ్లకు సరుకు కదలాలి, తప్పు పట్టను. మీరు మాత్రం గింజ కోసం ఆ డబ్బు పెట్టకండి.

కోల్చిసిన్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఆ సలహాలో సగం నిజం ఉంది. కోల్చిసిన్ కండె తంతువులు ఏర్పడకుండా అడ్డుకుంటుంది. క్రోమోజోములు నకళ్లు తీసుకుంటాయి కానీ లాగే తంతువులు లేక రెండుగా విడిపోవు, అన్నీ ఒకే కణంలో ఉండిపోతాయి. 30 ఉన్నవి 60 అవుతాయి. అప్పుడు ఒక్కో రకం ఆరేసి ప్రతులు, సరి సంఖ్య, జతలు కుదరవచ్చు, గింజ పట్టవచ్చు. మొక్కల్లో క్రోమోజోముల్ని రెట్టింపు చేయడానికి కోల్చిసిన్ పనికొస్తుందని 1937లో తేలినప్పటి నుంచి పూల మొక్కల పెంపకంలో దీన్ని వాడుతూనే ఉన్నారు. మన తలశ్శేరిలో పుట్టి, కోయంబత్తూరులో చెరకు మీద పనిచేసిన జానకీ అమ్మాళ్ 1940ల చివర్లో ఇంగ్లండులోని విస్లీ తోటలో మాగ్నోలియా మొక్కలకు కోల్చిసిన్ పెట్టి చూశారు. ఆ మొక్కల్లో కొన్ని ఇప్పటికీ అక్కడ పూస్తున్నాయి.

అయితే అది ప్రయోగశాలలో, చేతికి తొడుగులు వేసుకుని చేసే పని. కోల్చిసిన్ విషం. మన అడవుల్లో, కంచెల మీద కనిపించే నాభి గడ్డ ఉంది చూడండి, ఎర్రగా పసుపుగా నిప్పు ముద్దలాంటి పువ్వు పూసేది, దాని విషం ఇదే. తుంపర గాల్లో పడితే, చేతికి అంటి నోట్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. చేలో కొట్టే మందు కాదిది, పూలు కోసే ఆడవాళ్లు తిరిగే చేలో అసలే కాదు. ఇంకో సంగతి, చిగురుకు పెడితే చిగురులోని కణాలన్నీ ఒకేసారి రెట్టింపు కావు. పై పొర ఒకలా, లోపలి పొర ఒకలా ఉన్న మిశ్రమ కొమ్మ వస్తుంది, అది నిలకడగా ఉండదు. రెట్టింపైన మొక్కలు సాధారణంగా ఆకు మందంగా, ఎదుగుదల మందకొడిగా ఉంటాయి. ఇదంతా దాటుకుని గింజ వచ్చిందే అనుకుందాం, ఆ గింజతో మొలిచేది ఢిల్లీ కనకాంబరం కాదు, దాని పిల్లల్లో ఏదో ఒకటి. మీకు కావాల్సింది ఢిల్లీయే కదా?

నన్నడిగితే గింజ పట్టకపోవడమే మీకు లాభం. మొక్క శక్తి కాయకు, గింజకు పోదు. పూసిన కంకి ఎండి కాయగా మారి కూర్చోదు. నాటు దాంట్లో పూలు కోయడం రెండు రోజులు ఆలస్యమైతే కంకి కాయల మీదకు మళ్లుతుంది, ఢిల్లీలో ఆ బెడద లేదు. పైగా గింజ మొక్కల్లో ఒక దానికీ ఒక దానికీ రంగులో, ఎత్తులో తేడాలొస్తాయి, కొమ్మ మొక్కలన్నీ ఒకే అచ్చు. అంగట్లో కనకాంబరానికి రేటు కట్టేటప్పుడు చూసేది ఆ రంగూ ఆ ఏకరీతే. మనం తినే అరటి రకాల్లో ఎక్కువ భాగం కూడా ట్రిప్లాయిడ్లే, మూల సంఖ్య 11, మొత్తం 33. గింజ లేదని అరటిని ఎవరూ వద్దనలేదు, పిలక నాటుకుంటూ వస్తున్నాం.

ఇక్కడే ఒక హెచ్చరిక. "ఢిల్లీ కనకాంబరం గింజలు" అని ఎవరైనా ప్యాకెట్ అమ్మితే అది ఢిల్లీ కాదు. నాకు తెలిసిన ఒకాయన కుప్పం వైపు అలా కొని నారు పోశాడు. నారు బ్రహ్మాండంగా మొలిచింది, పూత వచ్చాక చూస్తే మామూలు నారింజ రకం. మొలకశాతం చూసి ఆయన మురిసిపోయాడు, అనుమానించాల్సింది కూడా ఆ మొలకశాతాన్నే.

మీరడిగిన రెండో ప్రశ్న, కొమ్మలతోనే పెంచితే జాతి బలహీనపడదా అని. సమ విభజనలో నకలు తీయడం చాలా నమ్మకంగా జరుగుతుంది. తల్లి కొమ్మలో ఏ 30 ఉన్నాయో మీ మొక్కలోనూ అవే 30. అరుదుగా ఒక చిగురులో ఒక కణం మారి, ఆ కొమ్మ మొత్తం వేరే రంగు పూయడం ఉంటుంది. కాగితం పూలలో మేరీ పామర్ అని ఒకే చెట్టుకు తెల్లవీ గులాబీవీ పూసే రకం ఉంది, అది మిసెస్ హెచ్.సి. బక్ అనే రకంలో ఒక కొమ్మ అలా మారితే వచ్చిందే. మీ చేలో అలాంటి వింత కొమ్మ కనిపిస్తే దాని నుంచి ముక్కలు తీయకండి, లేదా వేరుగా గుర్తుపెట్టి నాటండి. మార్పు బాగుంటే అది కొత్త రకం.

మరి "పాత ఢిల్లీలో పూత తగ్గిపోయింది" అని రైతులు అంటారే, అదీ నిజమే. కారణం క్రోమోజోముల్లో కాదు, వేళ్లలో. కనకాంబరానికి పెద్ద శత్రువులు రెండు, వేరును తినే నులిపురుగులు, ఆ గాయాల్లోంచి దూరే ఎండుతెగులు శిలీంధ్రం. ఆకులు పాలిపోయి, అంచులు ఎరుపెక్కి, మొక్క గిడసబారితే పెరికి వేరు చూడండి, నల్లబడి పొక్కినట్టుంటే అదే. రోగమున్న మడిలోంచి తెచ్చిన వేరున్న మొక్కతో, దాని మట్టితో ఆ పురుగు కొత్త చేనుకు వస్తుంది. కాబట్టి తల్లి మొక్కలకు ఒక శుభ్రమైన మడి విడిగా పెట్టుకోండి. అందులో వేప పిండి వేయండి, బంతి పంట మార్చి మార్చి వేయండి. కంకి రాని లేత కొసలు రెండు మూడు కణుపులతో కోసి, శుభ్రమైన ఇసుకలో, నీడ వల కింద పాతండి. వానలు మొదలయ్యాక అయితే సులువుగా నాటుకుంటాయి. మే నెల ఎండల్లో ఆ ప్రయత్నం వద్దు.

అలాగని గింజ పట్టని పూలపొద ప్రతిదీ ట్రిప్లాయిడ్ అనుకోవద్దు. ఈ పొరపాటు బి.ఎస్సీ. పిల్లలు తరచూ చేస్తారు కాబట్టి మీ చెల్లెలికి కూడా చెప్పండి. గుండు మల్లెలో 26 క్రోమోజోములున్న మామూలు ద్వయస్థితిక మొక్కలు ఉన్నాయి, 39 ఉన్న ట్రిప్లాయిడ్లూ ఉన్నాయి, రెండింటికీ గింజ అరుదే. ముద్ద మందారంలో కేసరాలు రేకులుగా మారిపోతాయి, పుప్పొడి ఎక్కడ నుంచి వస్తుంది? మందారం సంగతే వేరు, తరతరాలుగా సంకరాల మీద సంకరాలు, రకానికో క్రోమోజోము సంఖ్య. నాటు కనకాంబరంలో కూడా ఎండలు మరీ ముదిరితే పుప్పొడి దెబ్బతిని కాయ తగ్గుతుంది, అది వాతావరణం చేసే పని.

బేసి సంఖ్య అయితే గింజ రానే రాదన్న సూత్రానికీ ఒక తమాషా మినహాయింపు ఉంది. యూరప్‌లో కంచెల వెంట పెరిగే అడవి గులాబీ ఒకటి, డాగ్ రోజ్ అంటారు. గులాబీల మూల సంఖ్య 7, దీంట్లో అయిదేసి ప్రతులు, మొత్తం 35. మియాసిస్‌లో 14 మాత్రమే జతకట్టి ఏడు జంటలవుతాయి, 21 ఒంటరిగా ఉండిపోతాయి. పుప్పొడి తయారయ్యేటప్పుడు ఆ ఒంటరివాటిని వదిలేసి 7 మాత్రమే తీసుకుంటుంది. అండం తయారయ్యేటప్పుడు 21నీ అటే నెట్టి 28 ఇస్తుంది. 7, 28 కలిస్తే మళ్లీ 35. శుభ్రంగా గింజ పడుతుంది, ఎర్రటి కాయలు కాస్తుంది. 1920ల మొదట్లో దీన్ని కనిపెట్టినవాళ్లు మొదట తమ కళ్లను తామే నమ్మి ఉండరని నా అనుమానం. ఢిల్లీ కనకాంబరానికి ఈ విద్య రాదు.

చివరిగా మీ చెల్లెలు ప్రాజెక్టుకు ఇదే తీసుకోవాలనుకుంటోందని రాశారు. మంచి విషయం, ఖర్చూ తక్కువ. కాలేజీలో మామూలు మైక్రోస్కోపు చాలు. నేను సూచించే పద్ధతి ఇదీ.

మొదట పుప్పొడితో మొదలుపెట్టమనండి. విచ్చబోతున్న మొగ్గలోంచి పరాగకోశం, అంటే పుప్పొడి తిత్తి తీసి, స్లైడు మీద ఎసిటోకార్మైన్ అనే ఎర్ర రంగు చుక్కలో చిదిపి, కాసేపాగి చూడాలి. నిండు రేణువులు ఎర్రగా రంగు పడతాయి, వట్టివి ముడతలు పడి పాలిపోయి ఉంటాయి. నాటుదీ ఢిల్లీదీ పక్కపక్కన లెక్కపెట్టి శాతం రాస్తే ప్రాజెక్టులో సగం అయినట్టే.

తర్వాత మియాసిస్. కనకాంబరం కంకిలో సౌకర్యం ఏమిటంటే పూలు కింది నుంచి పైకి విచ్చుకుంటాయి, కాబట్టి ఒకే కంకిలో అన్ని వయసుల మొగ్గలూ వరసగా దొరుకుతాయి. మనకు కావాల్సినవి రంగు రాకముందు, పచ్చటి పుష్పపుచ్ఛాల చాటున దాక్కుని ఉండే బుల్లి మొగ్గలు. రంగు కనిపించిందంటే సమయం దాటిపోయినట్టే. పొద్దున ఎండ ఎక్కకముందు కంకి కోసి, మూడు వంతుల ఆల్కహాలు, ఒక వంతు ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రవంలో ఒక రోజు ఉంచి, తర్వాత 70 శాతం ఆల్కహాలులోకి మార్చాలి. పరాగకోశాలను ఎసిటోకార్మైన్‌లో చిదిపి, కవర్‌స్లిప్ వేసి, స్లైడును దీపం మీద కొద్దిగా వెచ్చబెట్టి, వడపోత కాగితం మడిచి బొటనవేలితో తిన్నగా నొక్కాలి. పక్కకు జారితే అంతా నలిగిపోతుంది.

ఈ మొక్క క్రోమోజోములు చిన్నవి. మూడూ కలిసిన గుంపు ఏది, జత ఏది అని తేల్చడం కొత్తవాళ్లకు కష్టం, దాంతో టెన్షన్ పడి చాలామంది మధ్యలో వదిలేస్తారు. దానికి బదులు రెండు దశల మీద దృష్టి పెట్టమనండి. ఒకటి, రెండు వైపులకూ లాగుతున్న దశలో మధ్యలో వెనకబడి మిగిలిన క్రోమోజోములు. రెండోది ఇంకా సులువు, విభజన ముగిసి నాలుగు కణాలు అంటుకుని ఉండే దశ. నాటు దాంట్లో శుభ్రంగా నాలుగే కనిపిస్తాయి. ఢిల్లీలో ఆ నాలుగింటి పక్కన దారి తప్పిన క్రోమోజోములతో ఏర్పడ్డ చిన్న చిన్న కేంద్రకాలు అదనంగా ఉంటాయి. వాటిని లెక్కపెట్టడానికి పెద్ద నేర్పు అక్కర్లేదు.

30 అన్న సంఖ్యను స్వయంగా చూపించాలంటే మాత్రం వేరు కొసలు కావాలి. కొమ్మ ముక్కలకు ఇసుకలో కొత్తగా వచ్చిన తెల్లటి లేత వేళ్లే పనికొస్తాయి, ముదురు వేరులో విభజన దొరకదు. వాటిని ముందు పారాడైక్లోరోబెంజీన్ చల్లటి ద్రావణంలో మూడు నాలుగు గంటలు ఉంచితే కండె తంతువులు చెదిరి క్రోమోజోములు విడివిడిగా పరుచుకుంటాయి. ఆ తర్వాత పైన చెప్పిన ద్రవంలో స్థిరపరిచి, 60 డిగ్రీల దగ్గర 1N (ఒక నార్మల్ గాఢత) హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో పది నిమిషాలు మెత్తబరిచి, రంగు వేసి నొక్కాలి. ఒక్క కణం చూసి సంఖ్య రాయొద్దని చెప్పండి. బాగా పరుచుకున్న కణాలు వేర్వేరు వేళ్లలోంచి ఎంచుకుని, అన్నిటిలోనూ 30 వస్తేనే 30 అని రాయాలి. ఒకటి రెండు కణాల్లో 28, 29 కనిపిస్తే నొక్కినప్పుడు పక్కకు పోయినవే అయి ఉంటాయి.